ఇతిహాస వీరులును నేటి వీరధర్మమును

వీరుడను మాట మన బాలబాలికలకు మిక్కిలి ప్రియమైనది. వీరుడెవ్వడని తరగతిలో నడిగినచో నొకడు భీముడనును, ఒకడు అర్జునుడనును, మఱియొకడు చలనచిత్రములలోని నటుని పేరు చెప్పును. ఈ యుత్తరములకు మేమాశ్చర్యపడుట లేదు. ఇతిహాస వీరులకు వెండితెరపై రూపు గల్పించిన మహానటులు మన కృష్ణామండలమువారే. నిమ్మకూరున 1923లో జన్మించిన నందమూరి తారక రామారావు గారు రాముడై, కృష్ణుడై ప్రజల కన్నులయెదుట నిలిచిరి. గుడివాడకు చేరువనున్న రామాపురమున 1924లో జన్మించిన అక్కినేని నాగేశ్వరరావు గారు 1957నాటి "మాయాబజార్"లో అభిమన్యుడైరి. 1977వ సంవత్సరము జనవరి మాసమున విడుదలయైన "దానవీరశూరకర్ణ"లో రామారావు గారు కర్ణ దుర్యోధన కృష్ణుల మూడు వేషములను తామే ధరించిరి. ఆ చిత్రమును చూచుటకు పల్లెపల్లెనుండి జనము తరలిపోయెను.

అదే 1977వ సంవత్సరమున, నవంబరు 19వ తేదీన, దివిసీమపై ఉప్పెన పడెను. ఆ దినమున గాండీవముగాని, సహజకవచముగాని యెవ్వరికిని అక్కఱకు వచ్చునవి కావు. అయినను ఆ దినమునను, ఆ తరువాతి దినములలోను వీరులు లేకపోలేదు. వారి పేరులు మాత్రము మన పిల్లల నోట వినబడవు. ఇతిహాసములు వీరుడనిన వానికిని, మన కాలము వీరుడనుచున్న వానికిని గల భేదమేమి? ఆ భేదము తెలిసికొనుటవలన ఈ సముద్రతీరమున నివసించు మనకు గలుగు ప్రయోజనమేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చి యిచ్చట విచారింతము.

మొదట ప్రాచీన వీరుని లక్షణములను చూతము. ఇతిహాస వీరునకు మొదటి లక్షణము పుట్టుక. భీముడు వాయుదేవుని వరమున జన్మించినవాడు. అర్జునుడు ఇంద్రుని వరమున. కర్ణుడు సూర్యుని వరమున. యవనుల మహాకావ్యమైన ఇలియడ్‌లోని అకిలీసు సముద్రదేవతయైన థెటిసు కుమారుడు. వీరుడు సామాన్యులవంటివాడు కాడనుట నాటివారి దృఢవిశ్వాసము. రెండవ లక్షణము బలమును, ఆయుధమును. భీముని గద, అర్జునుని పాశుపతము, కర్ణుని శక్తి అనునవి లేక వారి కథలే లేవు. బైబిలులోని సమ్సోను బలమంతయు వాని తలవెండ్రుకలలో నుండెను. మూడవది ప్రతిజ్ఞ. సూర్యాస్తమయము లోపల సైంధవుని చంపుదునని అర్జునుడు ప్రతిన పూనెను. ఆజన్మ బ్రహ్మచర్యమును పూని భీష్ముడు భీష్ముడయ్యెను. నాలుగవది కీర్తి. దీర్ఘాయువును కీర్తిహీనమైన బ్రదుకును ఒకవైపు, అల్పాయువును అక్షయకీర్తియు నొకవైపు ఉండగా అకిలీసు కీర్తినే కోరుకొనెను. కర్ణుడును అట్టివాడే. వచ్చినవాడు ఇంద్రుడని సూర్యుడు ముందుగా హెచ్చరించినను, కవచకుండలములను కోసి యిచ్చెనేగాని లేదనిపించుకొనలేదు.

ఈ లక్షణములలో గొప్పతనము లేదనువాడు మూఢుడు. ఇచ్చిన మాటకై ప్రాణమును తృణముగా నెంచుట యేకాలమునకైనను గొప్పయే. అయితే ఈ లక్షణములలో నొక హద్దు కలదు. వీరుడగుటకు ముందే వాని వంశమేదని యడుగుట నాటి యాచారము. కురుకుమారుల విద్యాప్రదర్శనమున కర్ణుడు అర్జునుని ద్వంద్వయుద్ధమునకు పిలువగా కృపాచార్యుడు మొట్టమొదట నడిగినది వాని కులమును గూర్చియే. ఏకలవ్యుడు గురువు శిక్షణ లేకయే విలువిద్య నేర్చెను. ఫలముగా బొటనవ్రేలు గోల్పోయెను. ఇక సామాన్య సైనికుల మాటకు వత్తము. ఒక అక్షౌహిణిలో 1,09,350 మంది కాల్బలముండిరని భారతము లెక్క చెప్పుచున్నది. కురుక్షేత్రమున చేరిన పదునెనిమిది అక్షౌహిణులకు లెక్కించినచో 19,68,300 మంది యగుదురు. ఇంతమందియు ఆ నేలపై నొరిగిరి. వారిలో పేరు దక్కినవారు పిడికెడుమంది.

ఇప్పుడొక సంశయము కలుగవచ్చును: ప్రాచీనులకు యుద్ధము తప్ప వేఱు వీరత్వము తెలియదా? తెలియుననియే మా సమాధానము. భరతముని నాట్యశాస్త్రమున దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు అని మూడు భేదములు చెప్పబడినవి. సాహిత్యదర్పణమున వీరితో దయావీరుడను నాలుగవవాడును చేరియున్నాడు. పరుని ప్రాణమును కాపాడుటకు తన ప్రాణము నొడ్డువాడు దయావీరుడు. హర్షుని నాగానందమున జీమూతవాహనుడు తనకేమియు కాని యొక నాగకుమారునికి బదులుగా గరుత్మంతునికి తన శరీరమును అర్పించెను. వాని చేత కత్తి లేదు. జయింపవలసిన శత్రువు లేడు. బైబిలులోని మంచి సమరయుడును ఇట్టివాడే. దారిలో పడియున్న పరాయివాని గాయములను కట్టిన యతనికి ఆ కథలో పేరైనను లేదు. పైగా అతడు వినువారు తక్కువగా చూచు జాతివాడు.

ఇతిహాసములలోనే వెదకినచో నిట్టివారు మూలమూలల కానవచ్చుచున్నారు. జటాయువు ముసలిపక్షి. రావణుని గెలువజాలనని యెఱిగియు వాని రథమున కడ్డుపడెను. అశ్వమేధపర్వమున ముంగిస కథ కలదు. ధర్మరాజు యజ్ఞము ముగిసినపిమ్మట సగము మేను బంగారమైన ముంగిస యొకటి వచ్చి, కఱవు దినములలో నొక పేద కుటుంబము తాము పస్తుండి అతిథికి పెట్టిన పిడికెడు పేలపిండికి ఈ మహాయజ్ఞము సరిరాదని సభలో చెప్పెను. లక్షలమంది చచ్చిన యుద్ధమును వర్ణించిన గ్రంథమే చివర నీ చిన్న జంతువు నోట నీ మాట పలికించుట గమనింపదగినది. కావున నేటి భావము ఎక్కడనుండియో యూడిపడినది కాదు. నాడు కథకు అంచున నున్నది నేడు కథకు నడుమకు వచ్చినది. నాటివారు యుద్ధవీరుని ముందు పీటపై కూర్చుండబెట్టిరి. నేటివారు దయావీరుని కూర్చుండబెట్టుచున్నారు. ఆ పీట యెక్కుటకు పుట్టుకయు, ఆయుధమును అక్కఱలేదనియు చెప్పుచున్నారు. భేదమంతయు నిదియే.

ఈ మార్పు ఒక్కనాట జరిగినది కాదు. మన తెలుగుదేశమున ఊళ్ల పొలిమేరలలో వీరగల్లులు కనబడును. పశువులను దొంగలనుండి కాపాడుటలో, ఊరిని రక్షించుటలో మడిసినవారికి ఊరివారు నిలిపిన ఱాళ్లవి. కృష్ణకు ఆవలియొడ్డున పలనాటి వీరగాథలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని చెప్పుదురు. ఆ గాథలో మాలకులస్థుడైన కన్నమదాసు సేనానాయకుడు. వంశమేదని యడుగు ఆచారము ఆ కథలో కొంత సడలినది. అయినను అక్కడను కత్తియే ప్రధానము. అన్నదమ్ముల బిడ్డలే యొకరినొకరు నఱకుకొనిరి.

కత్తిలేని వీరత్వమును కన్నులార చూచిన పట్టణము మన బందరు. 1930వ సంవత్సరము ఉప్పు సత్యాగ్రహ కాలము. భట్లపెనుమఱ్ఱువాస్తవ్యులైన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీమహాత్మునకు చూపిన నమూనానుండి రూపొందిన మూడువన్నెల జెండాను, వస్తాదు తోట నరసయ్య నాయుడు గారు కోనేరు సెంటరులో ఎగురవేయ బూనిరి. పోలీసులు లాఠీలతో మోదిరి. వారు తిరిగి కొట్టలేదు, జెండాను విడువలేదు, స్పృహ దప్పువఱకు దెబ్బలు తినిరి. ఇచ్చట నొక విశేషము కలదు. వారు బలహీనులు కారు. కుస్తీలు పట్టిన వస్తాదు. భీముని బలము పగవాని తొడ విఱుచుటకు వినియోగపడెను. నరసయ్య నాయుడు గారి బలము చేయి యెత్తకుండ నిలుచుటకు వినియోగపడెను. కొట్టగలవాడు కొట్టకుండుటయే వీరత్వమని నాడు బందరు ప్రజలు తెలిసికొనిరి.

రాజ్యములును ఈ మార్పును గుర్తించినవి. స్వతంత్ర భారతమున శత్రువు నెదుట చూపిన శౌర్యమునకు 1950లో పరమవీరచక్రము ఏర్పడెను. రెండేండ్లకే, 1952లో, శత్రువు ఎదుట కాని శౌర్యమునకును అత్యున్నత పురస్కారము ఏర్పడెను, దానినే అశోకచక్రమందుము. 1957లో బాలబాలికలకు సాహస పురస్కారము లిచ్చుట ఆరంభమయ్యెను. నీటమునుగువారిని, అగ్నిలో చిక్కినవారిని కాపాడినవారికై 1961లో జీవన్ రక్షా పదకము వెలసెను. పూర్వము ఎందఱిని చంపెనని యడిగిన లోకము, ఎందఱిని బ్రదికించెనని యడుగ నారంభించినది.

ఇక మన సీమకు వత్తము. ఈ భేదము మనకు కేవలము సాహిత్యచర్చ కాదు, ప్రాణసంకటమైన విషయము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము పొంగగా పట్టణమునను, చుట్టుపట్లను ఇంచుమించు ముప్పదివేలమంది మరణించిరి. నూటపదుమూడేండ్లకు, 1977లో, దివిసీమపై పదునైదడుగులకు మించిన యెత్తున కెరటము లేచెను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీరగ్రామములలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్కకే పదివేలమంది మరణించిరి.

రామాయణములో నొక ఘట్టమున్నది. రాముడు సముద్రమును దారి యిమ్మని వేడుచు మూడు రాత్రులు దర్భలపై శయనించెను. సముద్రుడు కదలలేదు. రాముడు కోపించి విల్లెత్తగా సముద్రుడు చేతులు జోడించి యెదుట నిలిచెను. బాలురు ఈ ఘట్టమును వినునప్పుడు కన్నులు పెద్దవి చేయుదురు. మన దివిసీమ సముద్రము ఎవ్వని విల్లునకును లోబడలేదు. అయితే ఆ ఘట్టము అంతటితో ముగియలేదని మఱవరాదు. విల్లు ఎత్తినది క్షణకాలము. పిదప అయిదు దినములు నలుని యాజ్ఞ చొప్పున వానరులు కొండలు మోసి, చెట్లు మోసి సేతువు కట్టిరి. ఆ మోసినవారిలో నెందఱి పేరులు మనకు తెలియును? జనులు ఉడుతనుకూడ ఆ పనిలో చేర్చి ఉడుతాభక్తి యను పలుకుబడిని పుట్టించిరి. నేటి వీరత్వము విల్లుజాతిది కాదు, సేతువుజాతిది.

ఉప్పెన వెలిసిన తరువాత దివిసీమలో జరిగినది సేతువుపనియే. తాటిచెట్లను కౌగిలించుకొని రాత్రి గడపినవారు తెల్లవారుసరికి తమ దుఃఖమును దిగమ్రింగి, ఇతరులను వెదకుటకు బయలుదేరిరి. పొలములలో, కాలువలలో మనుష్యుల శవములును, పశువుల కళేబరములును కలిసి పడియుండెను. త్రాగు నీరు చెడెను. ఆ శవములను తాకుటకు బంధువులే లేరు. ఉన్నవారికి శక్తి లేదు. ఎక్కడెక్కడినుండియో వచ్చిన సేవకులు ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆ శవము ఏ కులమువారిదో, ఏ మతమువారిదో యడుగక మోసిరి, దహనము చేసిరి, పూడ్చిరి. కృపాచార్యుడు కర్ణుని అడిగిన ప్రశ్న అక్కడ ఎవ్వరి నోటను రాలేదు. అవనిగడ్డవారి ప్రతినిధియైన మండలి వెంకట కృష్ణారావు గారు బాధితుల నడుమ తిరిగి వారి కష్టసుఖములలో పాల్గొనిరి. వారిని ప్రజలు దివిసీమ గాంధీయని పిలిచిరి. దివిసీమ భీముడనిగాని, దివిసీమ అర్జునుడనిగాని పిలువలేదు. జనుల నాలుకపై వీరుని కొలత ఎట్లు మాఱినదో ఈ యొక్క బిరుదమే తెలుపుచున్నది.

మఱియొక పదుమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, కృష్ణా ముఖద్వారము చెంతనే మహా తుఫాను తీరము దాటెను. ఉద్ధృతిలో 1977నాటి దానికి తీసిపోనిది. అయినను ఆ తుఫానులో మరణించినవారు వేయిమందికి లోపే. ఏ మహావీరుడు ఎదురు నిలిచి దానిని ఆపెను? ఎవ్వడును ఆపలేదు. తుఫాను రాకను ముందుగా కనిపెట్టిరి. ఆఱు లక్షలకు పైగా జనులను తీరమునుండి తరలించిరి. రాడారుకడ రాత్రియంతయు మేలుకొన్నవాడు, వర్షములో వీధివీధి తిరిగి తలుపులు తట్టినవాడు, బురదదారిలో బస్సు నడపినవాడు, కదలనని మొండికెత్తిన ముసలమ్మను బ్రతిమాలి బండి యెక్కించినవాడు – ఇట్టివారు వేలకొలది చేసిన చిన్నచిన్న పనుల మొత్తమే ఆ రక్షణ. ముప్పదివేలు, పదివేలు, వేయికి లోపు. ఈ మూడంకెలను మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. ఒక్క మహావీరుని కొఱకు ఎదురుచూచు ప్రజకంటె, ఎవ్వని పనిని వాడు వేళకు చేయు ప్రజకే సముద్రతీరమున ఆయువు ఎక్కువ.

ఇట్లనుటచే నేటి కాలమునకు దోషములు లేవని మా యభిప్రాయము కాదు. మొదటి దోషము వెలుగును చూచి వీరత్వమని భ్రమించుట. వేషము వేసినవాని నటనను మెచ్చుకొనవలసినదే. కాని వేషమును మెచ్చుటతో మన పని తీఱినదనుకొనరాదు. రెండవ దోషము తెగింపునే వీరత్వమనుకొనుట. పద్మవ్యూహమును చొచ్చుట తెలిసి, వెలువడుట తెలియని అభిమన్యుని కథ మనకు కన్నీరు తెప్పించును. ఆ కథలోనే పాఠమును కలదు. మన కాలువగట్లపై నొకడు నీట మునుగుచుండగా ఈతరానివాడు దుమికినచో ఒకరికి బదులు ఇద్దఱు పోవుదురు. గట్టున నిలిచి వెదురుగడ అందించినవాడును, మోకు విసరినవాడును, పరుగెత్తి పెద్దలను పిలుచుకొనివచ్చినవాడును వీరుడే. మూడవ దోషము మాట నిలుపుకొనలేకపోవుట. ఈ విషయమున మనము కర్ణుని యెదుట తల వంచవలసినదే. ఉదయమున ఇచ్చిన మాటను సాయంకాలమునకు మఱచు మనము, తన రక్షణను తానే కోసియిచ్చినవానిని చిన్నచూపు చూడరాదు. కావున ఇతిహాసములను మూసివేయుమని మేము చెప్పము. వింటే భారతమే వినాలన్న సామెత సత్యమే. అయితే వినునప్పుడు విల్లుల ధ్వనితోపాటు ముంగిస మాటయు వినవలయును.

తుదకొక మాట. భీమార్జునులకు వ్యాసుడు దొరకెను; అకిలీసునకు హోమరు దొరకెను. వేయేండ్ల క్రిందట నన్నయ తెనిగింప దొడగిన భారతమును మనము నేటికిని చదువుచున్నాము. ఉప్పెననాటి వీరులకు వ్యాసుడు లేడు. ఆ రాత్రిని చూచిన యువకులు నేడు వృద్ధులైరి. వారిలో అనేకులు ఇప్పటికే కన్నుమూసిరి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు పిల్లలు సెలవులలో ఇంటికి పోయినప్పుడు తాతయ్యనో, అమ్మమ్మనో యీ మూడు ప్రశ్నలడుగవలయును: ఆ రాత్రి మిమ్ము చేయిపట్టి పైకి లాగినదెవ్వరు? మఱునాడు మీకు గ్రుక్కెడు మంచినీరు ఇచ్చినదెవ్వరు? మన వీధిలోని శవములను మోసినదెవ్వరు? వారు చెప్పిన మాటలను చెప్పినట్లే ఒక నోటుపుస్తకములో వ్రాసికొని, తేదీ వేసి, భద్రపఱచవలయును. తాతలు లేని పిల్లలు ఇరుగుపొరుగు పెద్దల నడుగవచ్చును. 1990నాటి సంగతి తెలిసిన తల్లిదండ్రులు తామే వ్రాయవచ్చును. ఆ వ్రాత కావ్యము కానక్కఱలేదు; నిజమైనచో చాలును.